సెల్లారులో రాజ్యాంగం

మా ప్రెసిడెంటు గారు పోయారు. పోయిన నెల ఒక ఉదయం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తెరిస్తే వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు, వాటి పైన ఆయన ఫోటో. సఫారీ సూటు, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు, జేబులోంచి తొంగిచూస్తున్న ఎర్ర అట్ట పుస్తకం. ఒకరు ‘మహానుభావుడు’ అన్నారు. ఇంకొకరు ‘అజాతశత్రువు’ అన్నారు. నేను ఏమీ పెట్టలేదు. ఫోను బ్యాగులో పడేసి ఆఫీసుకి బయల్దేరాను. అజాతశత్రువు అన్న మాట మాత్రం పంజాగుట్ట మెట్రో మెట్లెక్కుతుంటే గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆయనకి రెండో అంతస్తులో ఒక శత్రువు ఉంది. అది నేనే.

ఆయన్ని అందరం ప్రెసిడెంటు గారనే పిలిచేవాళ్ళం. మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఒక సందులో, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల వెనక ఉంటుంది మా బిల్డింగు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి, లక్డీకాపూల్‌లో ఏదో ప్రభుత్వ కార్యాలయంలో చట్టాల ఫైళ్ళు చూసి రిటైరయ్యారు. ఉద్యోగం అక్కడ వదిలేశారు గానీ ఆఫీసుని మాత్రం వెంట తెచ్చుకున్నారు. సెల్లారులో జనరేటరు పక్కన ఒక ఇనప టేబులు, దాని మీద అద్దం, వెనక కుర్చీకి తెల్ల తువ్వాలు. కార్లున్నవాళ్ళు ఆ టేబులుకి తగలకుండా బండి వెనక్కి తీయడం నేర్చుకున్నారు. పొద్దున్న పేపరు అక్కడే, సాయంత్రం కాఫీ అక్కడే. ఆ కాఫీని మూడో అంతస్తు నుంచి ఆంటీ, అంటే ఆయన భార్య, గ్లాసుని కొంగుతో పట్టుకుని తెచ్చేది. లిఫ్టు పని చేయని రోజు మెట్లు దిగి తెచ్చేది.

ఆ ఎర్ర అట్ట పుస్తకం భారత రాజ్యాంగం, జేబు సైజుది. ఏ విషయం మాట్లాడాలన్నా ముందు గొంతు సవరించుకుని, కుడిచేత్తో జేబు మీద తట్టి, "రాజ్యాంగం ప్రకారం చూస్తే" అని మొదలుపెట్టేవారు. రాజ్యాంగం ప్రకారం చూడదగ్గ విషయాలు మా బిల్డింగులో చాలా ఉండేవి. మోటారు ఎప్పుడు వేయాలి, మొదటి అంతస్తు వాళ్ళ కుక్క లిఫ్టు ఎక్కొచ్చా, పాల ప్యాకెట్ల సంచీ తలుపుకి తగిలించొచ్చా. పుస్తకం తెరిచి చూపించమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆయన తెరవగా నేనైతే చూడలేదు.

మగవాళ్ళంతా ఆయనకి ‘గారు’. ఆడవాళ్ళమంతా ‘అమ్మా’. వినడానికి గౌరవంగానే ఉంటుంది. ఆ ‘అమ్మా’ తర్వాత ఎప్పుడూ "నువ్వు పైకెళ్ళు, మేం చూసుకుంటాం" అనే మాట వస్తుందని కొన్నాళ్ళకి గానీ తెలియదు.

రాసిపెట్టడం అంటే ఆయనకి ప్రాణం. "నోటి మాటకి విలువ లేదమ్మా, రాస్తేనే రూలు," అనేవారు. రాసేవారు కూడా. లిఫ్టు ఎక్కితే చాలు, కిందికి దిగేలోపు చదవడానికి బోలెడంత ఉండేది. లిఫ్టులో ఉమ్మరాదు. లిఫ్టులో గెంతరాదు. బాల్కనీ నుంచి తడిబట్టలు కిందివారి మీద పడునట్లు పిండరాదు. టెర్రస్ మీద ఎండబెట్టిన ఇతరుల వడియాలు తీసుకొనరాదు. సెల్లారులో పిల్లలు క్రికెట్ ఆడరాదు, ఆడినచో బంతి స్వాధీనం చేసుకొనబడును. అనుమతి లేకుండా గోడలకి నోటీసులు అంటించరాదని కూడా ఒక నోటీసు ఉండేది. అన్నింటి కిందా సంతకం, అసోసియేషన్ ముద్ర. మా బిల్డింగులో ఎవరూ ఇంకొకరి వడియాలు ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా ముందుజాగ్రత్త మంచిదని రాశారట.

ఒక్క సంగతిలో ఆయనకి అన్యాయం చేయలేను. నీళ్ళు రాని వేసవిలో ఆయన రాసిన అర్జీ వెళ్ళిందంటే ట్యాంకరు రావాల్సిందే. బకెట్లు పట్టుకుని వరసలో నిలబడినప్పుడు నేనూ ఆయనకి దండం పెట్టాను. ఆ దండం అప్పటిది, ఇప్పుడు మళ్ళీ లెక్కలోకి తీసుకోవాల్సిన పని లేదు.

ఏటా మార్చిలో మహిళా దినోత్సవం చేయించేవారు. సెల్లారులో షామియానా, ముగ్గుల పోటీ, మ్యూజికల్ చెయిర్స్, ఆడవాళ్ళందరికీ తలా ఒక గులాబీ. గులాబీ ఇచ్చేటప్పుడు ఫోటో తీసేదాకా వదిలేవారు కాదు. తర్వాత ప్రసంగం. ఆర్టికల్ పద్నాలుగు, పదిహేను, పదహారు అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. చట్టం ముందు అందరూ సమానం, ఆడా మగా తేడా చూపకూడదు, ఉద్యోగాల్లో సమాన అవకాశం. చివర్లో గొంతు కాస్త తగ్గించి, "నేను మాటలు చెప్పేవాణ్ణి కాదు. మా ఫ్లాటు మా ఆవిడ పేరు మీదే కొన్నాను. సమానత్వం అంటే అది," అనేవారు. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆంటీకి మాత్రం ఆ చప్పట్లు సరిగ్గా వినపడేవి కావు. ఆవిడ జనరేటరు వెనక పకోడీలు వేయిస్తూ ఉండేది.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. కరీంనగర్ నుంచి వచ్చి, హాస్టళ్ళలో ఉండి, చాలా ఏళ్ళ జీతం పెట్టి ఈ ఫ్లాటు కొనుక్కున్నాను. ఈ ఊళ్ళో నాదంటూ ఉన్నది ఆ రెండు గదులూ ఒక వంటిల్లే. వంటింటి కిటికీలోంచి మెట్రో రైలు పోతూ కనిపిస్తుంది. మా వాచ్‌మన్ మీటింగు కబురు పట్టుకుని వచ్చినప్పుడల్లా మా ఇద్దరి మధ్యా ఒకే సంభాషణ జరిగేది.

"మేడం, సారు లేడా?"

"ఏ సారు?"

"మీ సారు."

"లేడు. నేనే. నాకు చెప్పు."

"పర్వాలే మేడం, మల్ల వస్త."

మళ్ళీ వచ్చేవాడు. ఆలోగా ఎక్కణ్ణించో నాకొక సారు ఊడిపడతాడేమోనని కాబోలు. వాణ్ణని లాభం లేదు, వాడికి అలా చెప్పి పంపిందెవరో నాకు తెలుసు.

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతిగానే ఉండేది. ఒకరోజు ఆఫీసులో ఉండగా కరీంనగర్ నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, మీ బిల్డింగు కూలగొట్టి కొత్తది కడ్తరట గదా. ఎవరో పెద్దాయన ఫోన్ జేసిండు. నేను సరే అన్న."

నాకు కోపం వస్తే మా ఊరి మాట బయటికొస్తుంది. "నువ్వెవనివిరా సరే అననీకి?" అన్నాను.

"నేను సుత గదే అడిగిన అక్కా. మీరే కదా బాబూ ఆ ఇంటికి మగదిక్కు అన్నడు."

వాడికి లాగు తొడగడం నేర్పింది నేను. వాడు నా ఇంటికి మగదిక్కు. బిల్డింగు పాతబడిందని, బిల్డరుకి ఇస్తే పడగొట్టి కొత్తది కట్టి ఇస్తాడని, అది కట్టినన్నేళ్ళూ మేమంతా బయట అద్దెకి ఉండాలని, అప్పటికే రెండు మీటింగుల్లో మాట్లాడేసుకున్నారట. నా ఇల్లు పడగొట్టాలా వద్దా అన్న మాట కరీంనగర్ దాకా వెళ్ళింది గానీ ఒక అంతస్తు దిగి నా తలుపు తట్టలేదు. ఇల్లు ఇవ్వడం నాకు ఇష్టమా కాదా అన్నది తర్వాతి సంగతి. నన్ను అడగాలి కదా. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం మీటింగుకి పిలవకపోయినా దిగాను. ప్లాస్టిక్ కుర్చీల్లో అందరూ మగవాళ్ళు. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశారు.

"ఏంటమ్మా, నీళ్ళు రావట్లేదా?"

"వస్తున్నాయండీ. మీటింగుకి వచ్చాను."

"ఇది మెంబర్ల మీటింగమ్మా."

"నేను మెంబర్నే కదండీ."

"మెంబరువే, ఎవరు కాదన్నారు? ఎవరైనా అమ్మాయికి ఆ కుర్చీ ఇటివ్వండి," అన్నారు. నాకప్పుడు నలభై ఏడేళ్ళు.

కుర్చీలో కూర్చుని అడగాల్సింది అడిగాను. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వాళ్ళే మెంబర్లు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, కబురు వాళ్ళకే పంపాలి, ఓటు వాళ్ళదే. ఈ ఒక్క వాక్యం మన రూల్సులో రాయండి, అన్నాను. ఆయన జేబు మీద తట్టారు.

"రాజ్యాంగం ప్రకారం చూస్తే అది అవసరం లేదమ్మా. ఆర్టికల్ పద్నాలుగులోనే ఉంది. పదిహేనులో ఇంకా స్పష్టంగా ఉంది. అంత పెద్ద రాజ్యాంగంలో ఉన్నదాన్ని మళ్ళీ మన సెల్లారులో రాస్తే ఏమవుతుంది? ఇన్నాళ్ళూ మన దగ్గర లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది. అది మన ఆడవాళ్ళకే అవమానం."

అందరూ తలలూపారు. మా గౌరవం గురించి వాళ్ళకి అంత పట్టింపు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

"లిఫ్టులో ఉమ్మకూడదని కూడా అందరికీ తెలిసిందే కదండీ. మరి అదెందుకు రాశారు?" అన్నాను.

"రాయకపోతే ఉమ్ముతారమ్మా."

"ఇదీ అంతేనండీ. రాయకపోతే మా తమ్ముడికి ఫోన్ చేస్తారు."

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ప్రెసిడెంటు గారి ముఖం కొంచెం ఎర్రబడింది.

"రాజ్యాంగంలో ఉందంటున్నారు కదా, దాని ప్రకారమే నడవండి మరి," అన్నాను. "నా ఇంటి సంగతి నన్నే అడగండి."

ఆయన పెద్ద మనసుతో నవ్వారు. "అది నీకు తెలియకపోవడంలో తప్పు లేదమ్మా. రాజ్యాంగం చెప్పేది గవర్నమెంటుకి. ప్రభుత్వం తేడా చూపకూడదు అని. మనం గవర్నమెంటా? పక్కపక్కన ఉంటున్న నాలుగు కుటుంబాలం."

ఆ రెండు మాటలూ ఒకే నోటితో, ఒకే పూట, ఒకే కుర్చీలోంచి అన్నారాయన. ఇక్కడ రాయమంటే రాజ్యాంగంలో ఉంది. రాజ్యాంగం ప్రకారం నడవమంటే అది ఇక్కడికి రాదు. ఆ రెండింటి మధ్యలో ఒక ఆడమనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. మీటింగు అయ్యేదాకా నేను అందులోనే కూర్చున్నాను. సమానత్వం గురించి ప్రత్యేకంగా రాయాలా అని టీవీల్లో పెద్దవాళ్ళు వాదించుకుంటున్నప్పుడల్లా నాకు ఆ కుర్చీ గుర్తొస్తుంది. అక్కర్లేదనేవాడికి రాయకపోవడం వల్ల ఏం కలిసొస్తోందో ముందు చూడాలని ఆరోజు నేర్చుకున్నాను. ఆ పాఠానికి ఆయనకి గురుదక్షిణ ఇవ్వాలి నిజానికి.

సరే, ప్రజాస్వామ్యం కదా, ఓటింగు పెడదాం అన్నారు. ఆడవాళ్ళు మెంబర్లని రాయాలా అన్నదాని మీద మగవాళ్ళు ఓట్లేశారు. అక్కర్లేదని అందరూ చేతులెత్తారు. చేతులెత్తినవాళ్ళలో సగం మందికి తమ పేరు మీద ఆ బిల్డింగులో అంగుళం చోటు లేదు. రిజిస్ట్రేషనులో ఏదో కలిసొస్తుందనో, వ్యాపారంలో తేడా వస్తే ఇల్లయినా మిగులుతుందనో, వాళ్ళు ఫ్లాట్లని భార్యల పేర్ల మీద పెట్టారు. పెట్టి, ఆ సంగతి శుభ్రంగా మర్చిపోయారు.

మర్నాడు లిఫ్టులో నాగమణి కలిసింది. నాలుగో అంతస్తు. బోరబండలో పుట్టి పెరిగిన మనిషి, అమీర్‌పేటలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతుంది.

"నిన్న మీటింగుల మస్తు అడిగిన్రంట గదా మేడం. మా ఆయన ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు."

"ఏమని చెప్పాడు?"

"రెండో అంతస్తు మేడంకి తిక్క అన్నడు. నేను ఏమనలే. నా ఫ్లాటు నా పేరు మీదనే ఉన్నది మేడం. మిషన్ తొక్కి తొక్కి మోకాళ్ళు పోయినయ్ దీనికోసం. గాయిన పోయి నన్నడగకుంట చెయ్యి లేపి వచ్చిండు. ఈసారి నేను సుత వస్త. జర నా కోసం ఒక కుర్చీ ఆపి పెట్టున్రి."

తర్వాతి మీటింగుకి బిల్డరు తరఫు మనిషి వచ్చాడు. నాగమణి ఏం చెప్పిందో ఏమో, అంతస్తుకి ఒకరిద్దరు చొప్పున ఆడవాళ్ళు దిగారు. వాళ్ళని చూసి ప్రెసిడెంటు గారు "మహిళలు కూడా ముందుకు రావడం శుభపరిణామం," అన్నారు. గులాబీలు లేవు గానీ ఉంటే పంచేవారే. ఆ పక్కనే ఆంటీ కప్పుల్లో టీ పోస్తోంది.

బిల్డరు మనిషి కాగితాలు తీశాడు. ప్రెసిడెంటు గారు పెన్ను మూత తీశారు.

"సార్, జర ఆగున్రి. మీ సంతకం కాదు సార్. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుంటె వాళ్ళదే కావాలె. మా వకీలు చూసిండు, సగం ఫ్లాట్లు మేడంల పేర్ల మీదనే ఉన్నయ్," అన్నాడా బిల్డరు కుర్రవాడు.

నాగమణి ఆ కుర్రవాణ్ణే అడిగింది, చాలా మామూలుగా.

"గట్లయితే అన్నా, ఇన్ని రోజులు ఈడ కూసున్నోళ్ళంత ఎవరు?"

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. అలవాటు ప్రకారం చేయి జేబు మీదికి వెళ్ళింది, మాట కూడా అలవాటైనదే వచ్చింది. "మా ఫ్లాటు కూడా మా ఆవిడ పేరు మీదే కదమ్మా. నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను."

"అవునండీ, ఏటా చెబుతారు," అన్నాను. "అయితే ఇక్కడ మెంబరు ఆంటీ. మీరు కాదు."

అప్పటిదాకా ఆ మాట ఎవరికీ, నాకు కూడా, తట్టలేదంటే నమ్మండి. ఇన్నేళ్ళుగా అసోసియేషన్‌ని ఏలుతున్న ప్రెసిడెంటు గారు అసలు అసోసియేషన్ మెంబరే కాదు. అది ఎక్కడా దాచిన విషయం కూడా కాదు, ఆయనే మైకులో చెప్పుకున్నారు, మేమే చప్పట్లు కొట్టాం.

ఆయన నవ్వు తెచ్చుకున్నారు. "ఏమోయ్, విన్నావా? నువ్వు మెంబరువట. వచ్చి సంతకం పెట్టు."

ఆంటీ టీ గిన్నె కింద పెట్టింది. ఆయన వైపు చూడలేదు, మా వైపూ చూడలేదు.

"చేతులు తడిగా ఉన్నాయండీ," అంది.

అంతే. ఆరోజుకి మీటింగు ముగిసింది. తర్వాత రోజుల్లో ఆయన కాగితం చేతికిచ్చినప్పుడల్లా ఆంటీ చేతులు తడిగానే ఉండేవట. పిండి కలుపుతూ ఉండేవి, గిన్నెలు తోముతూ ఉండేవి, తులసికి నీళ్ళు పోస్తూ ఉండేవి. ఇష్టం లేదని ఆవిడ ఒక్కసారీ అనలేదు. అంటే ఆయన వాదించి గెలిచేవారు. తడి చేతుల మీద ఏ ఆర్టికలూ పని చేయలేదు. నేను సంతకం పెట్టలేదు, నాగమణి పెట్టలేదు, బిల్డరు కొన్నాళ్ళు తిరిగి పక్క సందులో ఇంకో బిల్డింగు చూసుకున్నాడు. మా పెచ్చులూడే బిల్డింగు నిలబడింది. ప్రెసిడెంటు గారు కూడా కుర్చీ దిగలేదు. మెంబరు కాని మనిషి ప్రెసిడెంటుగా ఎలా ఉంటాడని మళ్ళీ అడిగితే, "ఉండకూడదని ఎక్కడ రాసుందమ్మా?" అన్నారు. రాయకపోవడం ఎప్పుడు మంచిదో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అప్పట్నుంచీ నన్ను చూస్తే కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకునేవారు. పోయేదాకా నాతో మళ్ళీ ‘అమ్మా’ అనలేదు. నాకది హాయిగానే ఉండేది.

కర్మలన్నీ అయ్యాక ఆంటీని చూడటానికి నేనూ నాగమణీ మూడో అంతస్తుకి వెళ్ళాం. బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఆంటీ మాకు ఎదురుగా కింద చాప మీద కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకుంటున్నాం.

అప్పుడు కొత్త సెక్రటరీ వచ్చాడు. ఐదో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్ఫై దాటి ఉండవు, చాలా మర్యాదస్తుడు. ఆఫీసులో ఆడా మగా తేడాలు ఉండకూడదని నేర్పే శిక్షణకి ప్రతి ఏడూ వెళతానని నాతో ఒకసారి చెప్పాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, ఆంటీ ముందు నుంచి నడిచి వెళ్ళి కొడుకు పక్కన కూర్చున్నాడు.

"ఇలాంటప్పుడు అడగకూడదు గానీ సార్, అసోసియేషన్‌లో అప్‌డేట్ చేయాలి. అంకుల్ పోయారు కదా, ఫ్లాటు ఇప్పుడు ఎవరి పేరు మీదికి మారుస్తున్నారు? మీ పేరేనా?"

కొడుకు ఫోను పక్కన పెట్టి, "అవునండీ, నా పేరే రాసుకోండి. అమ్మకి ఇవన్నీ ఎందుకు," అన్నాడు.

నాగమణి నోరు తెరవబోయింది. ఆంటీ ఆమె మోకాలి మీద చేయి వేసి ఆపింది. తర్వాత సెక్రటరీ వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది.

"పోయింది ఆయన బాబూ. నేను కాదు."